విడాకులు, పిల్లలు, భరణం: చర్చ ఎక్కడ చిక్కుపడింది?

2024 డిసెంబరులో పది రోజుల వ్యవధిలోనే సుప్రీంకోర్టు రెండు విడాకుల తీర్పులిచ్చింది. ఒకదాంట్లో భార్యకు 5 కోట్లు, మరోదాంట్లో 12 కోట్లు శాశ్వత భరణం. సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగళూరులో భార్యతో కేసుల్లో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆత్మహత్య మీద దేశమంతా అట్టుడికింది. టీవీ చర్చల్లో వేధింపుల సెక్షన్ 498ఎ, గృహహింస చట్టం, భరణం, పిల్లల కస్టడీ అన్నీ కలగాపులగమైపోయాయి. వేధింపుల కేసు క్రిమినల్ కోర్టులో నడుస్తుందని, విడాకులు ఫ్యామిలీ కోర్టులో నడుస్తాయని, ఒకచోట నెగ్గినంత మాత్రాన రెండోచోట నెగ్గినట్టు కాదని విడమరచి చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. మగవాళ్లకు అన్యాయం జరుగుతోందని ఒక పక్షం, ఆడవాళ్లకు అసలు న్యాయమే అందలేదని ఇంకో పక్షం. ఇద్దరి చేతుల్లోనూ నిజమైన కేసులే ఉన్నాయి. అందుకే వాదన తెగలేదు.

ఇక్కడ ఉన్నవి నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలు. పెళ్లి ఏ కారణం మీద రద్దు కావాలి? పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి? విడిపోయాక ఎవరు ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలి? డెబ్బై ఏళ్లుగా మన చట్టసభల చర్చంతా మొదటి ప్రశ్న చుట్టూనే తిరిగింది. మిగిలిన రెండింటినీ న్యాయమూర్తుల విచక్షణకు వదిలేసింది. ఈ వరస తలకిందులైందనేదే ఈ సమీక్షలో చెప్పదలచుకున్న మాట. హిందూ వివాహ చట్టాన్ని ప్రధానంగా తీసుకుని, ముస్లిం, క్రైస్తవ చట్టాలను అవసరమైన మేరకు చూద్దాం.

సంస్కారం నుంచి సెక్షన్‌కు

ధర్మశాస్త్రాల ప్రకారం పెళ్లి ఒక సంస్కారం, తెంచుకునే వీలు లేదు. ఊళ్లలో సంగతి వేరు. అగ్రవర్ణాలను పక్కన పెడితే చాలా కులాల్లో కులపెద్దల ముందు విడిపోవడం, స్త్రీ మారుమనువు చేసుకోవడం ఆచారంగానే ఉండేవి. విడాకులు హిందూ సమాజానికి కొత్త కాదు, అందులో కొందరికి మాత్రమే కొత్త. హిందువుల పెళ్లి, విడాకులు, వారసత్వ నియమాలను మార్చబోయిన హిందూ కోడ్ బిల్లు మీద జరిగిన రభసలో ఈ సంగతి మాటిమాటికీ మరుగున పడింది. 1951లో అంబేడ్కర్ న్యాయశాఖ మంత్రి పదవి వదులుకోవడానికి ఆ బిల్లు ఆగిపోవడమే ప్రధాన కారణం.

ఢిల్లీలో బిల్లు నలుగుతుండగా రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. బొంబాయి 1947లో విడాకుల చట్టం తెచ్చింది. మద్రాసు 1949లో రెండో పెళ్లి నిషేధాన్ని, విడాకులను ఒకే చట్టంలో పెట్టింది. కోస్తా, రాయలసీమ అప్పటికి మద్రాసులో భాగం కనుక అక్కడి హిందువులకు 1955 కంటే ఆరేళ్ల ముందే కోర్టు ద్వారా విడాకులు తీసుకునే వీలు వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలోని వారికి ఆ చట్టం వర్తించలేదు.

1955 హిందూ వివాహ చట్టం ఆ రాష్ట్ర చట్టాలను రద్దు చేసింది. ఆచారం ప్రకారం జరిగే విడాకులను మాత్రం 29(2) సెక్షన్ కింద అలాగే ఉండనిచ్చింది. ఆ చిన్న మినహాయింపు చుట్టూ మన దగ్గర పెద్ద అపోహ అల్లుకుంది. పెద్దమనుషుల్లో కూర్చుని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇకపై ఒకరికొకరు సంబంధం లేదని రాసుకుని, సాక్షి సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయించుకుంటే విడాకులు అయిపోయాయనుకునే వాళ్లు నేటికీ ఉన్నారు. అవ్వవు. తమ కులంలో అలాంటి ఆచారం చిరకాలంగా ఉందని ఆధారాలతో రుజువు చేసుకోగలిగితేనే ఆ కాగితానికి విలువ అని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. రుజువు కాకపోతే మొదటి పెళ్లి అలాగే ఉన్నట్టు. కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, పైగా నేరం కూడా. రెండో పెళ్లిలో పుట్టిన పిల్లలకు 16వ సెక్షన్ చట్టబద్ధత ఇచ్చింది గానీ, ఆ పెళ్లి చేసుకున్న స్త్రీకి ఇచ్చింది అంతంత మాత్రమే.

1955 చట్టంలో క్రూరత్వం, విడిచిపెట్టి వెళ్లడం కేవలం న్యాయపరమైన వేర్పాటుకు కారణాలు. అంటే వేరుగా ఉండవచ్చు, మళ్లీ పెళ్లి మాత్రం కుదరదు. 1976 సవరణ ఆ రెండింటినీ విడాకుల కారణాలుగా మార్చింది. పరస్పర అంగీకారంతో విడిపోయే 13బి సెక్షన్ కూడా అప్పుడే వచ్చింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో ఈ వీలు మొదటి నుంచీ ఉంది. ముస్లిం స్త్రీలు కోర్టు ద్వారా వివాహం రద్దు కోరే హక్కు 1939లోనే పొందారు. అందరికంటే వెనకబడింది క్రైస్తవులు. 1869 చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చాలు, భార్య అయితే దానికి తోడు మరో నేరం కూడా చూపించాలి. ఈ వివక్ష పోవడానికి 2001 దాకా పట్టింది.

ఫ్యామిలీ కోర్టుల వెనుక ఒక తెలుగు పేరుంది. 1953లో చైనా పర్యటనలో అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఇక్కడా అలాంటివి కావాలని నెహ్రూతోనూ, న్యాయ ప్రముఖులతోనూ చర్చించారు. చట్టం 1984లో గానీ రాలేదు.

తప్పెవరిదని తేల్చాలా?

విడాకుల కారణాల మీద మూడు వాదాలున్నాయి. మొదటిది తప్పు వాదం. ఒకరు తప్పు చేశారని రుజువైతేనే పెళ్లి రద్దు చేయాలి, తప్పు చేసినవాడే వచ్చి విడాకులు అడిగితే ఇవ్వకూడదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ దీని మీదే నిలబడింది. రెండోది భగ్న వివాహ వాదం. కాపురం తిరిగి అతకలేనంతగా చెడిపోయాక తప్పెవరిదని తవ్వడం వల్ల ఉన్న కాస్త మర్యాదా పోతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. లా కమిషన్ 1978లో తన 71వ నివేదికలో, మళ్లీ 2009లో 217వ నివేదికలో దీన్నే సిఫారసు చేసింది. 2006లో సుప్రీంకోర్టు కూడా పార్లమెంటును ఈ దిశగా ఆలోచించమంది. 2010లో బిల్లు వచ్చింది, 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభ దాటకుండానే మురిగిపోయింది.

మూడో వాదం మహిళా సంఘాల నుంచి వచ్చింది. దీన్ని సాధారణంగా మొదటి వాదంలో కలిపేస్తారు, అది పొరపాటు. వీళ్లు విడాకులకు వ్యతిరేకులు కారు. ఇల్లు భర్త పేరిట, పొలం మామ పేరిట, ఉద్యోగం లేని భార్య చేతిలో ఏమీ లేనప్పుడు 'కాపురం చెడింది, విడిపోదాం' అనే హక్కు ఇద్దరికీ సమానంగా ఇస్తే అది కాగితం మీద సమానత్వమే అవుతుందన్నది వీళ్ల అభ్యంతరం. 2010 బిల్లులోనే దీనికి కొంత జవాబు ఉంది. తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది కలుగుతుందని చూపించి భార్య ఆ విడాకులను వ్యతిరేకించవచ్చు. 2013 నాటికి భర్త ఆస్తిలో వాటా మాట కూడా చేరింది. పురుష హక్కుల సంఘాలు గట్టిగా పట్టుకుని వ్యతిరేకించింది ఆ భాగాన్నే.

చట్టం కదలకపోయినా కోర్టులు కదిలాయి. 1975, 1994, 2007 తీర్పుల మీదుగా క్రూరత్వం అంటే దెబ్బలు మాత్రమే కాదని, మానసిక వేదన కూడా అని స్థిరపడింది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసు ఇక్కడ చెప్పుకోదగ్గది. 1999లో పెళ్లి, పెళ్లి సంబరాల్లోనే ఇరుపక్షాల పెద్దల గొడవ, ఆపైన ఫిర్యాదుల పరంపర. కాపురం నిండా రెండు రోజులు కూడా సాగలేదు, కేసు మాత్రం పదేళ్లు దాటింది. భార్య చేసిన నిరాధార ఆరోపణలు మానసిక క్రూరత్వం కిందకే వస్తాయంటూ సుప్రీంకోర్టు విడాకులిచ్చింది, అదే తీర్పులో ఆమెకు 15 లక్షల భరణం కూడా ఇమ్మంది. విడాకులు ఎవరి తప్పు మీద ఇచ్చినా, బతుకుతెరువు లెక్క వేరుగా చూడాలని ఆ తీర్పు చెప్పకనే చెప్పింది. 2023లో మరో అడుగు పడింది. పాతికేళ్లుగా వేరుగా ఉంటున్న జంటను కలిపి ఉంచడమే క్రూరత్వం అని ఒక ధర్మాసనం అంది. అదే ఏడాది మే 1న రాజ్యాంగ ధర్మాసనం, పూర్తి న్యాయం చేయడానికి సుప్రీంకోర్టుకు ప్రత్యేక అధికారమిచ్చే 142వ అధికరణం కింద భగ్న వివాహాన్ని రద్దు చేసే అధికారం సుప్రీంకోర్టుకు ఉందని తేల్చింది.

ఉంది, సుప్రీంకోర్టుకే ఉంది. గుంటూరు ఫ్యామిలీ కోర్టుకో, కరీంనగర్ ఫ్యామిలీ కోర్టుకో లేదు. ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత ఉన్నవాళ్లకు ఒక చట్టం, లేనివాళ్లకు ఇంకొకటి అన్నట్టుంది పరిస్థితి.

ఆచరణలో ఎక్కువమంది లాయర్లు చూపించే దారి 13బి, వాళ్ల భాషలో 'మ్యూచువల్'. ఏడాది వేరుగా ఉండి ఉండాలి, ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి, ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలల ఎదురుచూపు తప్పనిసరి కాదని, రాజీకి అవకాశమే లేదని తోస్తే కోర్టు దాన్ని మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఈ 'అంగీకారం' చాలాసార్లు బేరం. భరణం తగ్గిస్తే సంతకం, 498ఎ వాపసు తీసుకుంటే సంతకం, పిల్లవాణ్ని వదులుకుంటే సంతకం. పైకి తప్పు ప్రస్తావన లేని విడాకుల్లా కనిపిస్తుంది, లోపల ఇరుపక్షాలూ తప్పుల కేసులనే నాణేలుగా చెలామణి చేస్తుంటాయి.

ఇదే చోట హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ సంగతి కూడా చూడాలి. కాపురానికి రమ్మని భార్య మీదో భర్త మీదో కోర్టు డిక్రీ తెచ్చుకునే సెక్షన్ ఇది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి దీన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని స్త్రీ శరీరం మీద రాజ్యం అధికారం చలాయించడమే ఇదని ఆయన వాదన. దేశంలో వ్యక్తిగత గోప్యత మీద అంత సూటిగా మాట్లాడిన తొలి తీర్పుల్లో అదొకటి. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి సెక్షన్‌ను నిలబెట్టింది. ఇప్పుడు దీన్ని కాపురం నిలబెట్టుకోవడానికి వాడేవాళ్లు తక్కువ. డిక్రీ తెచ్చుకుని ఏడాది ఆగితే 13(1ఎ) కింద విడాకులు అడగవచ్చు కనుక మెట్టుగా వాడతారు, లేదా భరణం ఎగ్గొట్టే సాకుగా. ఆ సాకు కూడా 2025 జనవరితో బలహీనపడింది. డిక్రీ ఉన్నా భార్య రాకపోవడానికి తగిన కారణం ఉంటే భరణం ఆపనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. నా మట్టుకు జస్టిస్ చౌదరి తీర్పే సరైనది. నలభై ఏళ్ల అనుభవం దాన్ని కాదనలేకపోతోంది.

పిల్లలు ఎవరి దగ్గర?

కస్టడీ మీద చట్టం చూడ్డానికి సరళంగా ఉంటుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. రెండో చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అయిదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. అదే చట్టంలోని 13వ సెక్షన్ మాత్రం వీటన్నిటి కంటే బిడ్డ క్షేమమే ముఖ్యమంటుంది. సంరక్షకత్వం, కస్టడీ ఒకటి కావన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతున్నా, ఆస్తి విషయాల్లో, కాగితాల మీద తండ్రే సంరక్షకుడిగా ఉండవచ్చు.

ఈ తేడా ఎంత పని చేయగలదో 1999 తీర్పు చూపించింది. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లకు దరఖాస్తు పెడితే తండ్రి సంతకం తెమ్మని తిప్పి పంపారు. సుప్రీంకోర్టు సెక్షన్‌ను కొట్టేయలేదు. తండ్రి తర్వాత అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, తండ్రి పట్టించుకోనప్పుడు, అందుబాటులో లేనప్పుడు కూడా అని అర్థం చెప్పి సర్దింది. తల్లికి మొదటి వరుసలో చోటు ఇప్పటికీ లేదు.

అసలు కొట్లాట కస్టడీ పంపకం మీద. చిన్నపిల్లలు తల్లి దగ్గరే ఉండాలనేది పాత వాదం. కోర్టుల్లో ఇప్పటికీ ఇదే బలమైనది. ఒకరికి కస్టడీ, రెండో వారికి చూసే హక్కు అనేది అమల్లో ఉన్న పద్ధతి. చూసే హక్కు కాగితం మీద ఒకలా, జరిగేటప్పుడు ఒకలా ఉంటుంది. శనివారం మధ్యాహ్నం రెండు మూడు గంటలు, కోర్టు ఆవరణలో పిల్లల కోసం ఉంచిన గది, నాలుగు ప్లాస్టిక్ బొమ్మలు, తలుపు దగ్గర అమ్మమ్మో మేనమామో కాపలా. బిడ్డకు జ్వరమని ఒక వారం, పరీక్షలని ఇంకో వారం. ధిక్కారం పిటిషన్ వేస్తే దానికో వాయిదా. సంబంధాలు బాగా ఉన్న చోట రాత్రి బస, దసరా సంక్రాంతి సెలవుల్లో సగం రోజులు, రోజూ వీడియో కాల్ కూడా ఉంటాయి. 2020లో సుప్రీంకోర్టు, చూసే హక్కుతో పాటు ఫోనులో, వీడియోలో మాట్లాడే హక్కును కూడా రాయాలని కింది కోర్టులకు చెప్పింది.

దీని మీద వచ్చిన తిరుగుబాటే ఉమ్మడి పెంపకం వాదం. లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని చట్టంలో చేర్చమంది. తండ్రికి ఇచ్చిన ప్రథమ స్థానం తీసేయమంది. పిల్లల పోషణ ఖర్చు 18 ఏళ్ల దాకా, అవసరమైతే 25 దాకా కొనసాగించే వీలు సూచించింది. పదేళ్లు దాటింది, చట్టం కాలేదు. ఉమ్మడి కస్టడీ కోరే తండ్రుల మాటలో న్యాయముంది. వారానికి మూడు గంటలు చూసే నాన్న బిడ్డకు చుట్టంలా మిగులుతాడు. ఎదుటి వాదంలోనూ నిజముంది. ఇంట్లో హింస ఉన్నచోట ఉమ్మడి కస్టడీ అంటే భార్యను వెంటాడే హక్కుకు కోర్టు ముద్ర వేయడమే. కొందరు తండ్రులు పోషణ ఖర్చు తగ్గించుకోవడానికే ఈ కోరిక ముందు పెడతారనీ లాయర్లు అంటుంటారు.

బిడ్డ మనసు విరిచేయడం అనే ఆరోపణ ఈ పోరులో కొత్త ఆయుధం. 2017లో సుప్రీంకోర్టు ఈ భావనను వాడుకుంది. 2024లో ఇంకో ధర్మాసనం ఆధారం లేకుండా ఒక తల్లికో తండ్రికో ఆ ముద్ర వేయవద్దని హెచ్చరించింది. బిడ్డ ఏమంటున్నాడో వినే వీలు 1890 చట్టంలోనే ఉంది. తగిన వయసొచ్చిన పిల్లల ఇష్టాన్ని న్యాయమూర్తి పరిగణించవచ్చు. చాంబర్‌లో కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడితే ఆ ఇష్టం బయటపడుతుందా, ముందు రోజు రాత్రి ఇంట్లో నేర్పిన పాఠం బయటపడుతుందా అన్నది వేరే ప్రశ్న. దీనికి కావలసింది శిక్షణ పొందిన కౌన్సెలర్లు. ఫ్యామిలీ కోర్టుల చట్టంలో వాళ్లకు చోటుంది. జిల్లా కోర్టులకు వెళ్లి వెతికితే మాత్రం సులభంగా కనిపించరు.

భరణం: ఎవరు, ఎంత, ఎప్పటి నుంచి

చర్చలో ఎక్కువ వేడి, తక్కువ వెలుతురు ఉన్న చోటు ఇదే. మనోవర్తి అడగడానికి దారులు చాలా. పాత సీఆర్‌పీసీ 125, 2024 జులై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. విడాకుల కేసు నడుస్తుండగా హిందూ వివాహ చట్టం 24, తీర్పు తర్వాత 25. కేసు లేకుండానే వేరుగా ఉంటే 1956 చట్టంలో 18. హింస ఉంటే 2005 గృహహింస చట్టంలో 20. వీటిలో 24, 25 సెక్షన్ల కింద భర్త కూడా అడగవచ్చు. ఇది తెలియకనే చాలామంది చట్టం ఒకవైపే ఉందంటారు. తెలిసినా, ఆచరణలో ఇచ్చిన దాఖలాలు అరుదన్నది ఒప్పుకోవాలి.

ఎంత అన్నదానికి పట్టిక లేదు. 125 కింద నెలకు 500 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది. అది 2001లో పోయింది. 2017లో సుప్రీంకోర్టు భర్త నికర జీతంలో 25 శాతం సబబని ఒక కేసులో అంది. కింది కోర్టులు దాన్ని కొలబద్దలా వాడుతున్నాయి, అది ఒకే కేసులో అన్న మాట అయినా. 2024 డిసెంబరు తీర్పుల్లో మొదటిది ఎనిమిది అంశాల జాబితా ఇచ్చింది. రెండోది ఇంకో గీత గీసింది. భర్త సంపాదన ఎంత పెరిగితే భార్య భరణం అంత పెరగాలనడం కుదరదు, ఇద్దరి సంపద సమానం చేయడం భరణం పని కాదు అని.

ఇక్కడ రెండు సిద్ధాంతాలు ఢీకొంటాయి. భరణం అవసరాన్ని బట్టి ఇచ్చేదనే సిద్ధాంతం ప్రకారం, చదువుకున్న భార్య ఉద్యోగం చేసుకోవాలి, కొన్నేళ్ల ఊతం చాలు. భరణం కాపురంలో పెట్టిన శ్రమకు హక్కుగా వచ్చేదనే సిద్ధాంతం ప్రకారం, పదిహేనేళ్లు పిల్లల్ని పెంచి ఉద్యోగం వదులుకున్న స్త్రీ కోల్పోయిన దానికి లెక్క కట్టాలి. సంపాదించే శక్తి ఉండటం, నిజంగా సంపాదించడం ఒకటి కావని సుప్రీంకోర్టు 2017లో అంది. ఒళ్లు బాగున్న భర్త కూలి చేసైనా పోషించాలని 2022లో అంది. రెండింటిలోనూ అవసరం భాషే వినిపిస్తుంది, హక్కు భాష కాదు.

హక్కు భాష ఆస్తి దగ్గర మొదలవ్వాలి. గోవాలో పోర్చుగీసు కాలం నుంచి పెళ్లితో ఆస్తి ఉమ్మడి అవుతుంది. మిగతా దేశంలో ఎవరి పేరిట ఉన్నది వాళ్లదే. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, ఇల్లు చక్కదిద్దిన భార్య శ్రమ వల్లే భర్త సంపాదించగలిగాడు కనుక ఆ ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని అంది. అది గట్టి తీర్పే, కానీ ఒక హైకోర్టు తీర్పు. స్త్రీధనం విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. అది పూర్తిగా ఆమెదేనని 1985లోనే తేలింది. 2024 ఆగస్టులో తెలంగాణ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. విడాకులు తీసుకున్న కూతురి తరఫున, ఆమె అధికారం ఇవ్వకుండా, కన్నతండ్రి కూడా ఆ బంగారం తిరిగి అడగలేడని అంది. మన దగ్గర పెట్టిపోతలు పుట్టింటివారి ప్రతిష్ఠ కనుక ఈ తీర్పు కొందరికి మింగుడుపడలేదు.

ముస్లిం స్త్రీల విషయం, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి 125 కింద భరణం దక్కుతుందన్న 1985 షాబానో తీర్పుతో రాజుకుంది. 1986 చట్టం ఆ తీర్పును మార్చబోయింది. 2001లో రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టాన్నే స్త్రీకి అనుకూలంగా చదివింది. చివరికి 2024 జులై 10న తెలంగాణ నుంచి వచ్చిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 125 కింద కూడా నేరుగా భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. అంత పెద్ద రాజ్యాంగ ప్రశ్న వెనక ఉన్న మొత్తం నెలకు 10 వేలు. ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన 20 వేలను హైకోర్టు సగం చేసింది.

అయితే ఎంత అన్నదాని కంటే ఎప్పుడు అన్నది గడ్డు ప్రశ్న. మధ్యంతర భరణం దరఖాస్తును 60 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శక తీర్పు వెనక కేసు చూడండి. నాగపూర్‌లో ఒక భార్య, పసిబిడ్డ 2013లో దరఖాస్తు చేశారు. 2015లో ఫ్యామిలీ కోర్టు భార్యకు నెలకు 15 వేలు, బిడ్డకు 5 వేలు, తర్వాత 10 వేలు ఇమ్మంది. ఇంకా మధ్యంతర భరణమే. సుప్రీంకోర్టులో తెరపడేసరికి ఆ పసిబిడ్డ బడికి వెళ్లే వయసుకు వచ్చాడు. ఆ తీర్పు నుంచి ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ ముందే దాఖలు చేయాలి. వ్యవసాయేతరులకో నమూనా, వ్యవసాయం మీద బతికేవారికి ఇంకో నమూనా. దరఖాస్తు చేసిన తేదీ నుంచే భరణం లెక్క. అబద్ధాలకు కొంత కళ్లెం పడింది. కౌలు ఆదాయం, చేతికి వచ్చే నగదు, తమ్ముడి పేరిట నడిచే షాపు ఈ కాగితాల్లోకి ఇప్పటికీ రావు.

ఆదేశం వచ్చాక వసూలు ఇంకో యుద్ధం. బకాయి పడితే వారంటు, ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు. జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరదని 1989లోనే తేలింది. బాకీ పడ్డ ఏడాదిలోగా దరఖాస్తు పెట్టకపోతే మాత్రం వారంటు దారి మూసుకుపోతుంది. ఈ గడువు తెలియక నష్టపోయేవాళ్లు చాలామంది.

సముద్రం దాటిన కాపురాలు

అమెరికా తెలుగువాళ్ల విడాకులకు మూలమైన తీర్పు 1991 నాటిది. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త అమెరికా వెళ్లి మిస్సోరీ కోర్టులో పెళ్లి భగ్నమైందంటూ విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, ఆ చట్టం ఒప్పుకునే కోర్టు ఇచ్చిన డిక్రీ అయితేనే ఇక్కడ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. భార్య అక్కడ స్థిరంగా నివసిస్తుంటేనో, స్వచ్ఛందంగా ఆ కోర్టు ముందుకు వెళ్లి వాదించుకుంటేనో, ఇద్దరూ ఒప్పుకుంటేనో మినహాయింపు. సమన్లు పోస్టులో వస్తే చాలదు.

పిల్లల విషయంలో ఇంత స్పష్టత లేదు. పిల్లల్ని అక్రమంగా దేశం దాటించడాన్ని అడ్డుకునే 1980 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. 2009లో సుప్రీంకోర్టు అమెరికా కోర్టు ఆదేశాన్ని గౌరవించి ఒక బాలుడిని వెనక్కి పంపింది. 2017లో విదేశీ ఆదేశం ఒక అంశం మాత్రమే, బిడ్డ క్షేమమే నిర్ణయిస్తుందంది. 2019లో హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో ఒక తల్లి వేసిన కస్టడీ కేసులో, పిల్లలు మామూలుగా నివసించేది అమెరికాలో కనుక ఇక్కడి కోర్టుకు అధికారమే లేదంది. హేగ్‌లో చేరాలనేవారు పిల్లల్ని ఎత్తుకురావడం ఆగుతుందంటారు. వద్దనేవారు వీసా కూడా భర్త చేతిలో ఉన్న స్త్రీకి హింస నుంచి పారిపోయే దారే మూసుకుపోతుందంటారు. ఈ రెండో భయం ఊహ కాదు.

ఏది తేలింది, ఏది తేలలేదు

మూడు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. విడాకుల కారణాల్లో తప్పు వాదానికీ భగ్న వాదానికీ మధ్య దూరం ఆచరణలో దాదాపు చెరిగిపోయింది. చట్టం రాయడమే తరువాయి. కస్టడీలో తల్లి వాదం, ఉమ్మడి వాదం ఇంకా ఎదురెదురుగానే ఉన్నాయి. హింస ఉన్న ఇళ్లను వేరుగా చూసే నియమం లేకుండా ఉమ్మడి కస్టడీని అందరికీ ఒకేలా తేవడం ప్రమాదం. భరణంలో అవసరానికీ హక్కుకూ మధ్య చర్చ మన దగ్గర సరిగ్గా మొదలే కాలేదు. కోట్ల భరణాల వార్తలు దాన్ని మరింత పక్కదారి పట్టించాయి. ఆస్తిలో వాటా ఉంటే భరణం మీద ఇంత పోట్లాట ఉండదు. భరణం మీద పోట్లాట తగ్గితే క్రిమినల్ కేసులను బేరానికి వాడే అవసరమూ తగ్గుతుంది. పురుష హక్కుల సంఘాలు ఆస్తి వాటాను వ్యతిరేకించడం వాళ్లకే నష్టమని నా అభిప్రాయం.

పార్లమెంటు కదలదని చేతులు ముడుచుకోనక్కర్లేదు. పెళ్లి, విడాకులు, మైనర్ల సంరక్షణ ఉమ్మడి జాబితాలో 5వ అంశం. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రాలూ సవరణ చేయవచ్చు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో అలాగే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కేంద్రం అదే పని చేయడానికి 2005 దాకా పట్టింది. కాపురంలో సంపాదించిన ఆస్తిలో భార్యాభర్తలకు వాటా, మధ్యంతర భరణానికి 60 రోజుల గడువు తప్పితే జవాబుదారీ, ప్రతి జిల్లా ఫ్యామిలీ కోర్టులో శిక్షణ పొందిన కౌన్సెలర్. ఈ మూడింటితో అమరావతి, హైదరాబాద్ శాసనసభలు మళ్లీ మొదలుపెట్టాలి.